కల్లంలో ఉన్న వరి

కిష్టారెడ్డిపేట,
12 జూన్ 2025

పూజ్యులు కృపానందం మాస్టారికి,

ముప్పై ఏళ్లుగా ఒక ప్రశ్న మోస్తున్నాను. ఎనిమిదో తరగతిలో మమ్మల్ని నీళ్లు మరిగించి థర్మామీటరు చూడమన్నారు. నాది తొంభై ఎనిమిది దగ్గర ఆగిపోయింది. పాఠంలో నూరు అని ఉంది కదా అని రికార్డులో నూరు రాశాను. మీరు నా బల్ల దగ్గరికి వచ్చి థర్మామీటరు చూశారు, రికార్డు చూశారు, ఎర్ర పెన్నుతో టిక్కు పెట్టి పక్క బల్లకి వెళ్లిపోయారు. ఎందుకు పెట్టారు మాస్టారూ? చూసుకోకనా, చూసేనా?

ఇన్నాళ్లకి అడుగుతున్నది మీ పుస్తకం వల్లే. నిన్న సాయంత్రం మీ కోడలు జెన్నిఫర్ బడి నుంచి నేరుగా వచ్చి కట్ట చేతిలో పెట్టింది. "మామయ్య పట్టు పట్టి కూసున్నడు మేడం, సత్యశ్రీ దిద్దితేనే అచ్చుకిస్తడట, లేకుంటే కాల్చేస్తడట" అంది. కాల్చకండి. పాఠ్యపుస్తకాలు దిద్దీ దిద్దీ నా కళ్లు మొద్దుబారాయి గానీ, ఇది మాత్రం నేనే చేస్తాను. ఫ్యాక్టరీలు కిరాయికి తెచ్చుకున్న నిపుణులు మన బావుల్ని ఎలా కొలిచారో, కొలిచింది ఎలా రాసుకున్నారో మీరు చెబుతుంటే మధ్యలో లేవలేకపోయాను. "వంకర కొలతలు" అన్న పేరు అలాగే ఉంచుదాం.

గొంతు ఆపరేషను అయ్యాక మీతో ఫోన్లో మాట్లాడే వీలు పోయింది కాబట్టి అనుమానాలన్నీ కాగితం మీదే పెడతాను. జెన్నిఫర్ బడి మా అపార్ట్‌మెంటుకి ఎదురుగానే ఉండటం మన అదృష్టం.

మొదటి అనుమానం. మీ సాక్షులెవరూ తేదీలు చెప్పరు. ఒకరు బతుకమ్మకి ముందంటారు, ఒకరు బొంతపల్లి జాతర అయ్యాకంటారు, ఒకరు పీర్ల పండుగంటారు. అలాగే ఉంచనా, నెలలు వేయనా?

మీ విద్యార్థిని,
సత్యశ్రీ

*

లక్డారం,
19 జూన్ 2025

బిడ్డా సత్యశ్రీకి దీవెనలు.

టిక్కు సంగతి తర్వాత మాట్లాడుకుందాం. మాట్లాడుడు నాకిగ లేదు గనుక, తర్వాత రాసుకుందాం.

పండుగలు తీసి నెలలు వెయ్యి. ఈ పుస్తకాన్ని సంగారెడ్డిల బాయి నీళ్ల విచారణ కమిటీ ముందర పెడుతున్నం. ఆఫీసుల కూసున్నోళ్లకు బతుకమ్మ ఎప్పుడొస్తదో ఎరుకే, కాని ఎరుక లేనట్టు మొఖం పెడతరు. జనవరి, ఫిబ్రవరి అంటేనే వాళ్లకు నిజం లెక్క కనబడుతది.

నా పుస్తకం మొత్తం ఒక్క మాట కోసం. కంపెనీ నిపుణుడు ఎప్పుడొచ్చినా వానలు దంచికొట్టిన వారమే వచ్చిండు. వాన నీళ్లు కలిసినంక సీసా ముంచి, బాగున్నయని రాసిండు. అతని కొలత తప్పు కాదు. కొలిచిన రోజు తప్పు.

అన్నిటికన్న బీరమ్మ పేజీ పైలం. మా ఊరి పక్క గూడెంల పద్నాలుగు ఇండ్లున్నయి. వాళ్ల బాయిని పూడ్చి ప్లాట్లు చేసిండ్రు. పరీక్ష చేద్దామంటే చుక్క నీళ్లు లేవు. ఆ నీళ్లు చెడ్డయని చెప్పేటందుకు మిగిలింది బీరమ్మ నోరొక్కటే. చెడిన బాయిలని కమిటీ రాసే జాబితాల ఆ బాయి ఎక్కితే వెనుక నుంచి పారే కంపెనీ కాలువ బంద్ అయితది, ఇండ్లకు మంచినీళ్ల పైపు పడ్తది. ఎక్కకుంటే ఆ పక్కనే వేసిన బోరు నీళ్లు తాగుకుంట ఉండాలె.

ఆమె చెప్పింది చెప్పినట్టే దించిన, చూడు: "తెలంగాణ వచ్చిన యేడు, పీర్ల పండుగ. పీర్లకు షర్బతు కలుపుతమని బాయి కాడికి పోయి రెండు బిందెలు తెచ్చిన. గప్పుడు వరి కోసి కల్లంల పోసినం, మా ఇంటాయన నాగయ్య కల్లం కాడనే పండుకుంటుండె. బెల్లం ఏస్తే బుస్సున పొంగింది, ఎర్ర నురుగు. పీర్ల నీళ్లని ఎవ్వలేమనలే. తొమ్మిది మంది పిల్లలు తాగిండ్రు. పొద్దూకంగ తొమ్మిది మందీ కక్కుకున్నరు. నా బిందెతోటే తాగిండ్రు సారూ."

దీన్ని అచ్చుకు తగ్గట్టు సాపు చెయ్యి. కమిటీల ఒక పెద్దమనిషి ఒక్క పేజీ కంటే ఎక్కువ చదవడట.

కృపానందం

*

కిష్టారెడ్డిపేట,
9 జూలై 2025

మాస్టారికి,

ప్రూఫులు పంపుతున్నాను. నూట పది పేజీల్లో మీ "అయినప్పటికిన్నీ"లు నలభై మూడు తీసేశాను. క్షమించండి, మూడు మాత్రం మీ జ్ఞాపకార్థం ఉంచాను.

నెలలన్నీ వేశాను. పెద్ద కష్టం కాలేదు. గోడ క్యాలెండరు ముందు పెట్టుకుని, బతుకమ్మకి అక్టోబరు, బొంతపల్లి వీరభద్రుడి జాతరకి ఫిబ్రవరి అని వేసుకుంటూ పోయాను. పీర్ల పండుగ మాత్రం వెతకక్కర్లేకపోయింది. మొన్న ఆదివారమే అమీన్‌పూర్ వైపు నుంచి డప్పులు వినబడ్డాయి.

బీరమ్మ పేజీ ఇలా తేలింది: "2014 జూలైలో, మొహర్రం నాడు షర్బతు కోసం తెచ్చిన బావి నీరు ఎర్రటి నురుగుతో పొంగింది. అది తాగిన తొమ్మిది మంది పిల్లలు సాయంత్రానికి వాంతులు చేసుకున్నారు." పక్కదారి ముచ్చట్లు తీసేశాను. ఆమె గొంతు కొంత పోయిందని బాధగానే ఉంది. కానీ మాస్టారూ, మీ వాదనకి దీన్ని మించిన సాక్ష్యం పుస్తకంలో లేదు. నడి వానాకాలంలో, అంత వాన నీరు కలిశాక కూడా ఆ బావి అలా పొంగిందంటే, కంపెనీ నిపుణుడి సీసాలో ఏముందో ఇంక ఎవరు నమ్ముతారు? అందుకే ఆ పేజీని నాలుగో అధ్యాయం నుంచి తెచ్చి మొదటి అధ్యాయంలో పెట్టాను.

నా ప్రశ్న మరిచిపోలేదు.

సత్యశ్రీ

*

లక్డారం,
3 ఆగస్టు 2025

బిడ్డా,

ప్రూఫులు చూసిన, తిరిగి పంపుతున్న. నా "అయినప్పటికిన్నీ"లకు నువ్వు చేసిన సమాధి కార్యక్రమం చూసి జెన్నిఫర్ పకపక నవ్వింది. నలభై ఏండ్లు పాఠం చెప్పిన నోరు, ఆ మాట అనకుంట వాక్యం మలుపుడు దానికి రాదు.

ఇరవై ఆరో పేజీల పటం తలకిందులున్నది. డెబ్బై ఒకటిల క్లోరైడు అంకెల పక్క చుక్క జరిగింది, సరిచేసిన.

బీరమ్మ పేజీ నాలుగుమార్లు చదివిన. దాన్ని ఇగ ముట్టుకోవద్దు. అట్లనే ఉండనియ్యి.

అచ్చుకు పంపు.

కృపానందం

*

కిష్టారెడ్డిపేట,
12 డిసెంబర్ 2025

మాస్టారికి,

మీరు ఆస్పత్రి చెకప్పులో ఉండి రాలేకపోయారు. నేను నిన్న సంగారెడ్డి విచారణకి వెళ్లాను. జరిగింది జరిగినట్టు రాస్తాను, దిద్దకుండా.

కంపెనీ వకీలు మన పుస్తకం తెరిచి పట్టుకుని, బీరమ్మని నిలబెట్టి అడిగాడు.

"ఇందులో ఉన్నది నువ్వు చెప్పిందేనా?"

"నాకు సదువొస్తదా సారూ? చెప్పుడైతే చెప్పిన."

"జూలై నెలలో అన్నావు."

"జూలై అంటే ఏ కాలం?"

వెనక ఎవరో నవ్వారు. ఆమె అటు తిరిగి చూసి, మళ్లీ వకీలు వైపు తిరిగింది. "పీర్ల పండుగ అన్న. జూలై గీలై నా నోట్లకెళ్లి రాలే."

"అయితే పుస్తకం అబద్ధమా?"

"సారు రాసిండు. సారు అబద్ధమాడడు."

అప్పుడు అతను కాగితాలు బయటికి తీశాడు. ఆ ఏడాది జూన్ నుంచి సెప్టెంబరు ఆఖరు దాకా బాయిలరు మరమ్మతుకి కంపెనీ మూతపడి ఉంది. కరెంటు బిల్లులతో సహా పెట్టాడు. "మూతపడ్డ కంపెనీ నుంచి నీళ్లెట్లా వస్తాయమ్మా?"

"గదే నేనూ అడుగుతున్న," అంది బీరమ్మ.

ఈసారి అందరూ నవ్వారు. గుమస్తా రాసుకున్నాడు: సాక్షి తాను చెప్పిన తేదీకి కట్టుబడలేదు.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో ఆమె పక్కనే కూచున్నాను. కిటికీలోంచి చూస్తూ నాతో అంది: "పీర్ల పండుగ ఏటేటా ముంగటికి జరుగుతది, మీ దిక్కు జరుగదా? నా పెండ్లయిన యేడు బతుకమ్మ, పీర్లు ఒక్కసారే వచ్చినయి. పోను పోను ఎండకాలంల వచ్చె, చలికాలంల వచ్చె. కాలాలన్ని తిరిగింది."

ఇంటికొచ్చి పాత క్యాలెండరు వెతికాను. 2014లో పీర్ల పండుగ నవంబరు నాలుగున. కంపెనీ అప్పటికి నెల రోజులుగా నడుస్తోంది. బతుకమ్మ లాగే ఇదీ ఏటా ఒక చోటే ఉంటుందనుకుని, ఈ సంవత్సరం నెల తీసుకెళ్లి పదకొండేళ్ల కిందటి పండుగకి తగిలించాను. చదువుకున్నదాన్ని. ఒక్కరిని అడిగి ఉంటే చాలు. మీ అసలు ప్రతి తీసి చూశాను. "వరి కోసి కల్లంల పోసినం" అని ఆమె చెప్పనే చెప్పింది. జూలైలో ఎవరికి వరి కోతలు? ఆ ఒక్క వాక్యం ఉంటే నా తప్పు ఎవరికైనా దొరికేది. దాన్ని పక్కదారి ముచ్చటని కొట్టేసింది నేనే.

జనవరి నెలాఖరు దాకా అదనపు కాగితాలు తీసుకుంటారట. తప్పు నాదేనని ఒప్పుకుంటూ సవరణ పత్రం రాస్తాను. మీరు సంతకం పెడితే చాలు.

సత్యశ్రీ

*

లక్డారం,
20 డిసెంబర్ 2025

బిడ్డా,

తప్పు నీదొక్కదానిదే కాదు. నెలలు వెయ్యమన్నది నేను.

సవరణ పత్రం ఇప్పుడే వద్దు. మన పుస్తకంల బీరమ్మది కాక ఇంకా ఇరవై రెండు బాయిలున్నయి. ఒక్క తేదీ తప్పని మనమే ఒప్పుకుంటే, మిగిలిన ఇరవై రెండూ గట్లనే రాసిండ్రు అంటరు. వాళ్లకు గదే కావాలె. జెర ఓపిక పట్టు. ఆలోచించి రాస్త.

చర్చిల క్రిస్మస్ పాటలు నేర్పుతుండ్రు. కిటికీల నుంచి వినబడుతున్నయి. నేను నలభై ఏండ్లు పాడిన వరుసల ఇప్పుడు వేరే ఎవరో ఉన్నరు.

కృపానందం

*

కిష్టారెడ్డిపేట,
6 జనవరి 2026

మాస్టారికి,

మీ మాట కాదని నిన్న గూడేనికి వెళ్లాను.

తొమ్మిది మంది పిల్లల్లో ఒకర్తి బీరమ్మ మనవరాలని మీరు నాకు చెప్పలేదు. శ్రావ్య, నాలుగేళ్లు. మూడో రోజు పోయిందట. ఆ పిల్ల తల్లి ముత్యమ్మ, బీరమ్మ కూతురు, పక్కింట్లోనే ఉంటుంది. ఏళ్ల తరబడి తల్లితో మాట్లాడలేదట, నీ బిందెతోనే నా బిడ్డ పోయిందని. మీరు వచ్చి, బిందెది కాదు తప్పు, కంపెనీ నీళ్లదని నచ్చజెప్పాకే మళ్లీ ఈ ఇంటి గడప తొక్కిందట. సంగారెడ్డి నుంచి వచ్చిన రోజు మళ్లీ మానేసింది.

బీరమ్మ నాకు పీట వేసింది. నీళ్లు ఇవ్వబోయి, చెంబు వెనక్కి పట్టుకుపోయింది. "మీరు తాగరు తియ్యి, నా చేతివి" అంది. తాగుతానని తీసుకున్నాను. ఉప్పగా, నాలుక మీద జిడ్డుగా ఉన్నాయి. వాళ్లు రోజూ తాగేవి అవే.

"ఒక్కటి చెప్పమ్మా," అంది. "కంపెనీ బందున్నది, కాలువల నీళ్లు లేవు అని పెద్దసార్లు తేల్చిరి. మరి నా బిందెల ఏమున్నదంటవు? నేనేం కలిపిన?"

గడప అవతల ముత్యమ్మ నిలబడి వింటోంది. నా వైపు కాదు, తల్లి వైపే చూస్తోంది.

మాస్టారూ, ఇరవై రెండు బావుల లెక్క నాకు అర్థమైంది. అది చిన్న లెక్క కాదని తెలుసు. కానీ ఈ ఒక్క బావి మనిషికి మనమిద్దరం కలిసి ఏం చేశామో చూశాక నేను ఓపిక పట్టలేను. నవంబరు అని తేల్చే ఆధారం మీ దగ్గర ఏదైనా ఉందా? ఒక చీటీ, ఒక ఉత్తరం, ఏదైనా?

సత్యశ్రీ

*

లక్డారం,
18 జనవరి 2026

బిడ్డా సత్యశ్రీ,

ఉన్నది. ఈ ఉత్తరంతో పాటు జెన్నిఫర్ చేత ఒక నోటుబుక్కు పంపుతున్న. ముప్పై రెండో పేజీ చూడు.

శ్రావ్య పోయిన తర్వాత ఆదివారం, చర్చి నుంచి వచ్చి నేనే ఆ బాయి నీళ్లు ఒక లీటరు తెచ్చి స్టీలు పళ్లెంల పోసి మరిగించిన. నీళ్లు ఎగిరిపోయినంక పళ్లెం అడుగున గోధుమరంగు చెక్కు మిగిలింది. గీకి తూచిన. తేదీ వేసి రాసుకున్న: 9 నవంబర్ 2014. పుస్తకంల పెట్టలే. ఇంటి పొయ్యి మీద ముసలి సారు చేసిన పరీక్షను ఎవరు లెక్కజేస్తరనుకున్న.

అంటే, నువ్వు జూలై అని వేసినప్పుడు అది నవంబర్ అని నాకు తెలుసు. ప్రూఫుల చూసిన. నాలుగుమార్లు చదివిన అని రాసిన గదా, గందుకే చదివిన. పెన్ను పట్టుకున్న. ఒక్క గీత గీస్తే అయిపోయేది. కాని వానకాలంల సైతం ఆ బాయి పొంగిందంటే నా వాదం ఎంత గట్టిగ నిలబడ్డదో చూసిన. నీ ఉత్తరంల నువ్వూ గదే మాట రాసినవు. ఎన్నడో జరిగిన దానికి నెలల తేడా వస్తే ఏమాయె, నీళ్లు చెడింది నిజమే గదా అనుకున్న. పెన్ను పక్కకు పెట్టిన.

కంపెనీ నిపుణుడూ గిట్లనే అనుకొని ఉంటడు. అతన్ని నూట పది పేజీలు తిట్టిన.

నీ ప్రశ్నకు జవాబు. చూసే పెట్టిన. నీ థర్మామీటరు మంచిదే. మన దిక్కు సముద్రం కన్న ఎత్తున ఉన్నది, ఇక్కడ నీళ్లు తొంభై ఎనిమిది దగ్గరనే మరుగుతయి. నాకు తెలుసు. కాని పరీక్షల నూరు రాస్తేనే మార్కు. ఎనిమిదో తరగతి పిల్లకు ఇదంత ఎందుకు, మంచి మార్కులు తెచ్చుకోనియ్యి అనుకొని టిక్కు పెట్టిన. ఆ క్లాసుల నలభై ఇద్దరు పిల్లలు. నలభై రెండు టిక్కులు పెట్టిన. అందర్ల అడిగింది నువ్వొక్కదానివే, అదీ ముప్పై ఏండ్లకు.

ఈ ఉత్తరాన్ని కూడ కమిటీకి ఇయ్యాలనుకుంటే ఇయ్యి. నా పేరు చూసుకోకు. బీరమ్మకు మొఖం చూపించే ధైర్యం నాకు లేదు.

కృపానందం

*

కిష్టారెడ్డిపేట,
26 ఫిబ్రవరి 2026

మాస్టారికి,

నోటుబుక్కు, సవరణ పత్రం, మీ ఉత్తరం మూడూ జనవరి ముప్పైన ఇచ్చి రసీదు తీసుకున్నాను. మీ ఉత్తరం ఇవ్వడానికి చెయ్యి రాలేదు. అయినా ఇచ్చాను.

నిన్న జాబితా వచ్చింది. బీరమ్మ బావి లేదు. "పుస్తకంలో జూలై, నోటుబుక్కులో నవంబరు. రెండూ ఒక్క సారువే. ఏది నమ్మాలె మేడం?" అన్నాడు గుమస్తా. వెటకారంగా కాదు, నిజంగానే అడిగాడు. మిగతా ఇరవై రెండు బావుల్ని మళ్లీ పరిశీలించాలని పక్కన పెట్టారు. మీరు భయపడ్డదే జరిగింది. ఎప్పుడు పరిశీలిస్తారంటే, వానలు పడ్డాకట.

అక్కడి నుంచి నేరుగా గూడేనికి వెళ్లాను. బీరమ్మకి మీ నోటుబుక్కు పేజీ నకలు చదివి వినిపించాను. ముత్యమ్మ గడప దాటి లోపలికొచ్చి కూచుంది.

"తారీఖు మళ్ల సదువు," అంది.

చదివాను.

"గప్పుడు వరి కల్లంల ఉండె. మా నాయిన ఇంట్ల లేకుండె. నా బిడ్డకు అమాంతం కక్కులైతే నేనే కల్లం కాడికి ఉరికిన." తల్లి వైపు చూసింది. "గదంత మా అవ్వ సారుకు చెప్పింది గదా?"

"చెప్పింది."

"మరి బుక్కుల ఎందుకు లేదు?"

"నేనే కొట్టేశాను ముత్యమ్మా."

"ఎందుకు కొట్టేసినవు?"

బీరమ్మ "ఊకోయే, ఆమెకేం ఎరుక" అని కూతుర్ని అదలించింది. ఇన్ని నెలల్లో ఆమె కూతురితో మాట్లాడింది అదే మొదటిసారి అనుకుంటాను. ముత్యమ్మ ఊరుకోలేదు. జవాబు కోసం నా మొహంలోకే చూస్తూ కూచుంది. ఆలోచించి చెబుతానని లేచి వచ్చేశాను. మీరు నాకు చెప్పినట్టే.

రాగానే మీ అసలు ప్రతిలో నేను దిద్దిన బీరమ్మ పేజీ బల్ల మీద పెట్టుకున్నాను. ఇప్పటికీ నా ముందే ఉంది. పీర్ల పండుగ కొట్టేసి పైన జూలై అని రాసింది ఎర్ర పెన్నుతో. రెండు వాక్యాల కింద కల్లం మీద గీసిన గీతా అదే ఎర్ర పెన్నుది. ముందు కల్లం గీత గీసి ఉంటే నేను ఉత్త తెలివితక్కువదాన్ని, నిడివి తగ్గించుకుంటూ పోయాను, అంతే. ముందు జూలై రాసి ఉంటే, ఆ కిందే వరి కోతలని కనబడి ఉండాలి. అది జూలైకి అడ్డం వచ్చిందని చూసి ఉండాలి. మీ వాదం అప్పటికే నా మనసులో నాటుకుంది. ఈ పేజీని మొదటి అధ్యాయానికి జరపాలని అప్పటికే ఉబలాటపడుతున్నాను. అడ్డం వచ్చినదాన్ని కొట్టేసి, పక్కదారి ముచ్చట అని నాకు నేను చెప్పుకుని ఉంటానా?

మీరు పెన్ను పట్టుకున్న క్షణం మీకు గుర్తుంది. నాకు నాది గుర్తు లేదు. కాగితాన్ని వెలుగుకి పట్టి చూశాను. రెండు గీతలూ ఒక్కలాగే ఉన్నాయి.

ఆదివారం మళ్లీ వస్తానని ముత్యమ్మకి మాట ఇచ్చి వచ్చాను. వెళతాను. ఎందుకు కొట్టేశావని ఆమె మళ్లీ అడుగుతుంది. తెలియక అని చెప్పాలో, తెలిసే అని చెప్పాలో, మాస్టారూ, ఇది రాస్తున్నప్పటికీ నేను తేల్చుకోలేదు.

సత్యశ్రీ